ఆట ఎవరి సొత్తు?

నెల్లూరుకు తూర్పున మైపాడు సముద్రతీరంలో తెల్లవారుజామున నిలబడి చూసినవారికి ఒక చక్కని దృశ్యం కంటబడుతుంది. పడవపై వెళ్లిన జాలరులు అలివి వలను అర్ధచంద్రాకారంగా నీటిలో విడిచి ఒడ్డుకు చేరుకుంటారు. ఆ వలకు రెండు కొసలా రెండు పొడవైన తాళ్లు ఉంటాయి. ఒడ్డున దూరదూరంగా నిలబడిన రెండు గుంపులు చెరొక తాడు పట్టుకొని లాగుతాయి. క్రమంగా ఆ గుంపులు ఒకదానికొకటి చేరువవుతాయి. ఒక గుంపు తొందరపడినా, మరొక గుంపు పంతానికి పోయి ఆగినా వల ఒరిగిపోతుంది, చేపలు జారిపోతాయి. తాడు ఎవరి చేతిలో ఉన్నా వల అందరిదీ అన్న ఎరుక ఉన్నంతవరకే ఆ శ్రమకు ఫలితం దక్కుతుంది.

క్రీడారంగాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఆ వల గుర్తుకు వస్తుంది. అందుకు కారణం చాలా ఏళ్ల కిందట నేను కళ్లారా చూసిన ఒక సంఘటన.

మా తీరగ్రామాల్లో చెడుగుడు ఆటకు ఇసుకే తొలి బడి. సాయంకాలం వేట ముగించుకొని వచ్చిన యువకులు కాలితో గీత గీసి, రెండు జట్లుగా విడిపోయి, చీకటి పడేవరకు ఆడేవారు. సంక్రాంతికి పోటీలు జరిగేవి. ఒక సంవత్సరం నిర్వాహకుల మధ్య మాటా మాటా పెరిగి, ఒకే పండుగకు రెండు వేరువేరు పోటీలు వెలిశాయి. అక్కడ ఆడినవారికి ఇక్కడ చోటు లేదని ఇరుపక్షాలవారూ ప్రకటించారు. మా కళాశాలలో చదువుతున్న ఒక జాలరి కుర్రవాడు, కూతకు వెళితే ఇద్దరు ముగ్గురిని తాకి రాగల నేర్పరి, పెద్ద బహుమతి ఉన్నదని తెలిసి ఒక పోటీలో ఆడాడు. ఆ తరువాత జిల్లా జట్టు ఎంపిక జరిగినప్పుడు రెండవ పక్షంవారు అతని పేరు కొట్టివేశారు. అతని తండ్రి వారి దగ్గరకు వెళ్లి, "అయ్యా, వేటకు దురాయి పెడితే ఊరి మంచికి అనుకుంటాం. ఆట ఆడేదానికి కూడా దురాయి పెడితే ఎట్టయ్యా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఆట ఎవరి సొత్తు? నిర్వాహకులదా, డబ్బు పెట్టినవారిదా, ఆడేవారిదా, చూసేవారిదా? ఆ తండ్రి ప్రశ్నలో దాగి ఉన్న అసలు ప్రశ్న ఇదే. ఇది ఒక్క మన తీరానికే పరిమితమైన ప్రశ్న కాదు. సముద్రాలు దాటి చూస్తే ఇదే ప్రశ్న ఒక ఆట పుట్టుకకూ, ఒక మహాకలహానికీ కారణమైంది.

ఆ ఆట పేరు రగ్బీ లీగ్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తే ఆటగాణ్ణి ఎదుటి జట్టువారు ఒడిసిపట్టి నేలకు దించుతారు. మన చెడుగుడులో పట్టు పట్టినట్లే అక్కడా పట్టుదే ప్రాధాన్యం. ఈ ఆట పుట్టడానికి కారణం కూలి. ఉత్తర ఇంగ్లండులో బొగ్గుగనుల్లో, నూలుమిల్లుల్లో పనిచేసే కార్మికులు శనివారాలు రగ్బీ ఆడాలంటే ఆ పూట వేతనం వదులుకోవలసి వచ్చేది. ఆ నష్టాన్ని భర్తీ చేయాలని ఉత్తరాది క్లబ్బులు కోరాయి. ఆటకు డబ్బు తీసుకోవడం మర్యాద కాదని, అన్నవస్త్రాలకు లోటు లేని పెద్దలు నిరాకరించారు. దాంతో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని ఒక హోటలులో ఇరవైకి పైగా క్లబ్బుల ప్రతినిధులు సమావేశమై వేరు కుంపటి పెట్టారు. కాలక్రమంలో నియమాలు మారి, 13 మంది ఆడే రగ్బీ లీగ్, 15 మంది ఆడే రగ్బీ యూనియన్ అని రెండు ఆటలుగా స్థిరపడ్డాయి.

డబ్బు తీసుకొని లీగ్ ఆడినవానికి యూనియన్ మైదానంలోకి ప్రవేశం ఉండేది కాదు. ఈ వెలి దాదాపు నూరేళ్లు సాగింది. చివరకు 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్ తన ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చునని అంగీకరించింది. ఆ మరుసటి సంవత్సరం, 1996 మే నెలలో, లీగ్‌లో మేటి అయిన విగన్ జట్టూ యూనియన్‌లో మేటి అయిన బాత్ జట్టూ రెండు పోటీలు ఆడాయి. లీగ్ నియమాలతో ఆడినప్పుడు విగన్ 82-6 తేడాతో గెలిచింది. యూనియన్ నియమాలతో ఆడినప్పుడు బాత్ 44-19 తేడాతో గెలిచింది. ఎవరి ఆటలో వారే ఘనులని తేలింది. ఎవరి గౌరవానికీ భంగం కలుగలేదు. ఈ మాత్రం దానికి నూరేళ్లు ఎందుకు పట్టిందన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

విచిత్రమేమిటంటే, ఒక వెలి ముగుస్తున్న ఆ 1995లోనే రగ్బీ లీగ్‌లో మరొక చీలిక మొదలైంది. ఈసారి వివాదం కూలి గురించి కాదు, టెలివిజన్ గురించి. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్‌కు అశేష జనాదరణ ఉంది. దాని ప్రసార హక్కుల కోసం రూపర్ట్ మర్డాక్‌కు చెందిన న్యూస్ సంస్థ, కెర్రీ ప్యాకర్ పక్షం తలపడ్డాయి. పాత ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌కు పోటీగా మర్డాక్ సంస్థ సూపర్ లీగ్‌ను స్థాపించింది. ఆటగాళ్లను తమవైపు తిప్పుకోవడానికి ఇరుపక్షాలూ డబ్బు కుమ్మరించాయి. ఇంగ్లండులోని క్లబ్బులకు కూడా ఐదేళ్లకు 8 కోట్ల 70 లక్షల పౌండ్లు ఇస్తామని ఆ సంస్థ ఒప్పందం చేసుకొంది. తరతరాలుగా శీతకాలంలో ఆడే ఆట అక్కడ 1996 నుంచి వేసవికి మారింది. క్యాసిల్‌ఫోర్డ్, వేక్‌ఫీల్డ్, ఫెదర్‌స్టోన్ వంటి ఇరుగుపొరుగు బొగ్గుగని పట్టణాల జట్లను ఒకే జట్టుగా కలిపివేయాలని తలపెడితే ప్రజలు తిరగబడ్డారు. దాయాదులవలె పోటీపడే పొరుగూళ్లను కలిపి ఒకే జెండా పట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు?

1997లో ఆస్ట్రేలియాలో రెండు లీగులు వేరువేరుగా నడిచాయి. ఆ సంవత్సరమే సూపర్ లీగ్ పక్షంవారు ప్రపంచ క్లబ్ ఛాంపియన్‌షిప్ నిర్వహించారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి 10, ఐరోపా నుంచి 12, మొత్తం 22 క్లబ్బులు అందులో పాల్గొన్నాయి. భూగోళానికి ఆ కొసనుంచి ఈ కొసకు జట్లు ప్రయాణం చేశాయి. వినడానికి ఎంతో ఘనంగా ఉంది. కానీ జరిగింది వేరు. ఐరోపా జట్లు దాదాపు ప్రతి పోటీలోనూ చిత్తుగా ఓడాయి. రెండు ప్రాంతాల జట్లకు విడివిడిగా పట్టికలు ఉన్నందువల్ల, అన్నిసార్లు ఓడినా తమ ప్రాంతంలో మిగిలినవారికంటే మెరుగనిపించుకున్న జట్లు ముందుకు వెళ్లాయి. పేరులో ప్రపంచం ఉన్నా, పాత లీగ్‌తో ఉండిపోయిన క్లబ్బులకు అందులో చోటే లేదు. అంటే ఆస్ట్రేలియాలోనే సగం లేని పోటీకి ప్రపంచ పోటీ అని పేరు.

ఆ పోటీలో తుదివరకు నిలిచిన ఒక జట్టు కథ మరచిపోరానిది. న్యూకాజిల్ అనే రేవు పట్టణంలో పాత లీగ్‌కు చెందిన న్యూకాజిల్ నైట్స్ జట్టు ఉంది. దానికి పోటీగా సూపర్ లీగ్ అదే ప్రాంతంలో హంటర్ మెరైనర్స్ అనే కొత్త జట్టును నెలకొల్పింది. 1997 సెప్టెంబరులో నైట్స్ జట్టు మాన్లీని 22-16 తేడాతో ఓడించి పాత లీగ్ విజేత అయింది. పట్టణం పట్టణమంతా పండుగ చేసుకొంది. కొద్ది వారాల తరువాత, అక్టోబరు 17న, న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో హంటర్ మెరైనర్స్ ప్రపంచ క్లబ్ పోటీ ఫైనల్ ఆడింది. బ్రిస్బేన్ బ్రాంకోస్ చేతిలో 36-12 తేడాతో ఓడింది. ప్రపంచ స్థాయిలో రెండవ స్థానం పొందిన ఆ జట్టుకు అదే చివరి ఆట. ఆ సంవత్సరాంతంలో రెండు పక్షాలూ రాజీపడగానే ఆ జట్టు రద్దయింది. ఆ పోటీలో ఆడిన పారిస్ జట్టు గతి కూడా అంతే. పెద్దలు చేతులు కలిపిన వేళ పిల్లల చేతులు ఖాళీ అయ్యాయి.

రాజీ తరువాత 1998లో ఒకే జాతీయ రగ్బీ లీగ్ ఏర్పడింది. జట్ల సంఖ్య తగ్గించాలన్న నిర్ణయం వల్ల, 1908లో పుట్టిన సౌత్ సిడ్నీ క్లబ్బును 1999 చివర తొలగించారు. అయితే ఆ క్లబ్బు అభిమానులు ఊరుకోలేదు. వేలాదిమంది సిడ్నీ వీధుల్లో ఊరేగారు, న్యాయస్థానం మెట్లెక్కారు. 2002లో జట్టు మళ్లీ మైదానంలోకి వచ్చింది. 2014లో లీగ్ విజేత కూడా అయింది. ఆట ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఆ ఊరేగింపు ఒక సమాధానం చెప్పింది.

మన దేశానికి వద్దాం. 2007లో జీ సంస్థల అధిపతి సుభాష్ చంద్ర ఇండియన్ క్రికెట్ లీగ్‌ను ప్రారంభించారు. కపిల్‌దేవ్ దానికి అండగా నిలిచారు. భారత క్రికెట్ నియంత్రణ మండలి దానిని గుర్తించలేదు. కపిల్‌దేవ్‌ను జాతీయ క్రికెట్ అకాడమీ అధ్యక్ష పదవినుంచి తొలగించింది. ఆ లీగ్‌లో చేరిన ఆటగాళ్లకు దేశవాళీ పోటీల తలుపులు మూసివేసింది. మన హైదరాబాద్ హీరోస్ జట్టు 2008లో ఆ లీగ్‌లో లాహోర్ బాద్షాస్‌ను ఓడించి విజేతగా నిలిచింది. కానీ ఆ విజయం ఏ అధికారిక రికార్డులోనూ చోటు చేసుకోలేదు. గుంటూరులో పుట్టి, 2004లో 19 ఏళ్లలోపువారి ప్రపంచకప్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన అంబటి రాయుడు ఆ లీగ్‌లో చేరినవారిలో ఒకడు. 2009లో నియంత్రణ మండలి క్షమాభిక్ష ప్రకటించిన తరువాత గాని అతడు తిరిగి రాలేకపోయాడు. భారత జట్టు తరఫున తొలి ఒకరోజు పోటీ ఆడింది 2013 జూలైలో. అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఆలస్యానికి ఇదొక్కటే కారణమని అనలేము. అయినా ఎదిగే వయసులో పోగొట్టుకున్న రెండేళ్లను ఏ క్షమాభిక్షా తిరిగి ఇవ్వజాలదు. అసలు ఆట ఆడినందుకు క్షమాభిక్ష అన్న మాటే వినడానికి ఎంత ఎబ్బెట్టుగా ఉంది!

ఆ కాలంలోనే వివిధ దేశాల లీగుల విజేతలతో ఛాంపియన్స్ లీగ్ ట్వంటీ 20 పోటీ రూపొందింది. ఇంగ్లండులోని కెంట్ జట్టులో వెలివేసిన లీగ్‌లో ఆడినవారు ఉన్నారన్న కారణంగా ఆ జట్టుకు ప్రవేశం లేదన్నారు. 2008లో జరగవలసిన ఆ పోటీ ముంబయి ఉగ్రవాద దాడుల వల్ల రద్దయింది. 2009 అక్టోబరు 23న తొలి ఫైనల్ హైదరాబాదులోని ఉప్పల్ మైదానంలో జరిగింది. న్యూ సౌత్ వేల్స్ జట్టు ట్రినిడాడ్ టొబాగోపై గెలిచింది. చూసేవారు తగ్గిపోయి 2015లో ఆ పోటీ కూడా ఆగిపోయింది. రగ్బీ ప్రపంచ క్లబ్ పోటీకీ దీనికీ పోలిక స్పష్టమే. అర్హత గలవారందరికీ తలుపు తెరవని పోటీకి ఎంత పెద్ద పేరు పెట్టినా జనం మనసులో చోటు దొరకదు.

ఈ వ్యవహారంపై భారత పోటీ కమిషన్ 2013లో తీర్పు చెప్పింది. మరొక లీగ్‌ను గుర్తించబోమని నియంత్రణ మండలి ప్రసార సంస్థకు మాట ఇవ్వడం తన ఆధిక్యాన్ని దుర్వినియోగం చేయడమేనని, 52.24 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అప్పీలులో ఆ ఉత్తర్వు నిలవకపోయినా, కమిషన్ తిరిగి విచారించి 2017లో అదే జరిమానాను మళ్లీ ప్రకటించింది. అంతకు చాలా ముందే, 1977లో, కెర్రీ ప్యాకర్ నడిపిన క్రికెట్ పోటీల్లో చేరినవారిని నిషేధించడం జీవనోపాధిని అన్యాయంగా అడ్డుకోవడమేనని ఇంగ్లండు న్యాయస్థానం తేల్చింది. న్యాయం ఎటువైపు ఉన్నదో తెలిసినా అలవాటు మారలేదన్నమాట.

చెడుగుడు కూడా ఈ బాధకు దూరంగా లేదు. ఆసియా క్రీడల్లో 1990 నుంచి 2014 వరకు వరుసగా 7 సార్లు మన పురుషుల జట్టు బంగారు పతకం గెలిచింది. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలైంది. తెలుగు టైటాన్స్ పేరు పల్లెపల్లెకూ చేరింది. 2019లో మరొక సమాఖ్యవారు వేరే లీగ్ పెట్టగా, అందులో తెలుగు బుల్స్ అనే జట్టు ఆడింది. ఒకే భాష పేరుతో రెండు జట్లు, రెండు లీగులు. సమాఖ్యలో తగాదాలు న్యాయస్థానానికి ఎక్కాయి. 2018 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు జాతీయ జట్టుకూ, తమకు అన్యాయం జరిగిందన్న ఆటగాళ్లకూ మధ్య పోటీ పెట్టమన్నది. నిర్ణీత దినాన జాతీయ జట్టు మైదానానికే రాలేదు. తరువాతి కాలంలో అంతర్జాతీయ సమాఖ్య మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకొని, ఎన్నికైన కార్యవర్గానికి బాధ్యత అప్పగించమని ఆదేశించాక, మన మహిళల జట్టు ఆసియా ఛాంపియన్‌షిప్‌కు ఇరాన్ వెళ్లి విజేతగా తిరిగి వచ్చింది. ఆ క్రీడాకారిణులు మైదానంలో గెలవడానికి ముందు న్యాయస్థానంలో గెలవవలసి వచ్చింది.

ఇక్కడ రెండవ పక్షం వాదన కూడా వినడం న్యాయం. ఎవరికి తోచినట్లు వారు లీగులు పెడితే తేదీలు ఢీకొంటాయి, నియమాలు పలచబడతాయి, మోసగాళ్లకు అవకాశం దొరుకుతుంది అని పాలకసంఘాలు అంటాయి. ఇందులో నిజం లేకపోలేదు. ఇండియన్ క్రికెట్ లీగ్ మూతపడిన తరువాత తమకు రావలసిన సొమ్ము అందలేదని పలువురు ఆటగాళ్లు వాపోయారు. పెద్ద లీగ్ ద్వారా వచ్చే ఆదాయంతోనే పిల్లల పోటీలు, మైదానాలు నడుస్తాయన్నదీ వాస్తవమే. అందువల్ల క్రమశిక్షణ ఉండాలి. ఒప్పందం చేసుకున్నవాడు ఆ కాలమంతా ఆ జట్టుకే ఆడాలి. జాతీయ పోటీల తేదీల్లో మరొక పోటీ పెట్టరాదు. వీటిని ఎవరూ కాదనరు. కానీ క్రమశిక్షణ వేరు, వెలి వేరు. ఒప్పందం తప్పినవాణ్ణి ఆ ఒప్పందం మేరకు శిక్షించవచ్చు. నిర్వాహకుల పంతానికి ఆటగాడి భవిష్యత్తును బలిపెట్టడం మాత్రం శిక్ష కాదు, కక్ష.

నా అభిప్రాయంలో మూడు సూత్రాలు పాటిస్తే ఈ కలహాలు చాలావరకు సమసిపోతాయి. మొదటిది, ఆటను పాలించే సంఘం తానే వ్యాపారి కారాదు. అయితే గియితే ఇతరులను అడ్డుకునే అధికారం దానికి ఉండరాదు. పోటీ చేసేవాడే తీర్పరి అయితే తీర్పు ఎటు మొగ్గుతుందో చెప్పనవసరం లేదు. రెండవది, ఏ లీగ్‌లో ఆడినా ప్రతిభను బట్టే రాష్ట్ర, జాతీయ జట్లకు ఎంపిక జరగాలి. మూడవది, కొత్తగా లీగ్ పెట్టేవారు ఆటగాళ్ల వేతనాల మొత్తాన్ని ముందుగానే నమ్మకమైన చోట జమచేయాలి. అప్పుడు లీగ్ మూతపడినా కూలి మునగదు.

లీగుల మధ్య పోటీ చెడ్డది కాదు. 1895లో ఉత్తరాది క్లబ్బులు వేరుపడకపోతే గనికార్మికునికి న్యాయం దొరికేది కాదు. రాజీ కుదిరాక ఇంగ్లండు, ఆస్ట్రేలియా లీగుల విజేతలు నేరుగా తలపడే పోటీ మళ్లీ నిలదొక్కుకుంది. 2023లో సెయింట్ హెలెన్స్ జట్టు ఆస్ట్రేలియాకు వెళ్లి పెన్రిత్‌ను 13-12తో ఓడించింది. 2024లో విగన్ అదే పెన్రిత్‌పై 16-12తో గెలిచింది. 1997లో చిత్తుగా ఓడినవారే సమాన గౌరవంతో ఆడే అవకాశం వచ్చినప్పుడు సమఉజ్జీలుగా నిలిచారు.

విద్యార్థులైన మీలో కొందరు రేపు క్రీడాకారులు కావచ్చు. ఎవరైనా ఒప్పందపత్రం ముందుంచినప్పుడు చేవ్రాలు చేయడానికి ముందు చదవండి, చదివించుకోండి. డబ్బు ఎప్పుడు ఇస్తారు, గాయపడితే వైద్యం ఎవరిది, మరొకచోట ఆడే హక్కు ఉన్నదా అని అడగండి. మీలో మరికొందరు ప్రేక్షకులుగా, రేపటి నిర్వాహకులుగా ఉంటారు. మీ ఊరి పోటీలో ఒక ఆటగాణ్ణి ఆటతో సంబంధం లేని కారణంతో పక్కన పెడితే ఎందుకని అడగండి. సిడ్నీ వీధుల్లో నడిచినవారు కూడా మామూలు ప్రేక్షకులే.

ఆనాటి జాలరి కుర్రవాడు జిల్లా జట్టులోకి ఎన్నడూ వెళ్లలేదు. చదువు మధ్యలో మాని తండ్రి వెంట వేటకు వెళ్లాడు. ఇప్పుడు సాయంకాలాలు అదే ఇసుకలో పిల్లలకు పట్టు నేర్పుతుంటాడు. ఏ ఊరి పిల్లవాడు వచ్చినా, ఏ పక్షంవాడి కొడుకు వచ్చినా గీత లోపలికి రానిస్తాడు. తనకు జరిగినదాని గురించి అతడు ఎన్నడూ మాట్లాడడు. ఆ గీతకు ఇటూ అటూ నిలబడిన పిల్లలను చూసినప్పుడు, తండ్రి అడిగిన ప్రశ్నకు కొడుకు సమాధానం చెబుతున్నాడని నాకు తోస్తుంది.